స్పోర్ట్స్ కారు వెనక నాలుగు బొట్లు

ముందుగా, జరిగిన అన్యాయాలు తేదీల వారీగా. ఇవి జ్ఞాపకం మీద ఆధారపడి రాసినవి కావు. ఆ ఏటి నా బైండు పుస్తకాన్ని ముందర పెట్టుకొని ఎత్తి రాసినవి. తెలంగాణ రాష్ట్రం వచ్చిన తర్వాత ఎనిమిదో ఏడు.

జూన్ 9: రామన్నపేట దగ్గరి ఒక ఊరిలో, రైసుమిల్లు యజమాని ఇంటి ఆవరణలో, స్పోర్ట్స్ కారుకు వెనక పార్కింగ్ సెన్సర్ మార్చిన పని తాలూకు జాబ్ షీటులో ఒక అసత్య వాక్యం నమోదైంది.

జూన్ 21: నల్లగొండలోని మా సర్వీసు సెంటరు, కారును చూడకుండా, పని చేసినవాణ్ణి అడగకుండా, ఆ ఒక్క వాక్యం ఆధారంగా నివేదిక జారీ చేసింది. అందులో డ్రైవరు "హెచ్చరిక శబ్దాన్ని పెడచెవిన పెట్టి" కారును వెనక్కి నడిపాడని రాసింది.

జూన్ 22: ఆ నివేదికను చూసి యజమాని డ్రైవరును పనిలోంచి తీసేశాడు.

జూన్ 27: నేను రాసి తీసుకుపోయిన సవరణ పత్రాన్ని మేనేజరు చదివి, మడిచి, నా జేబులోనే పెట్టాడు.

ఆగస్టు 3: అదే పత్రాన్ని రిజిస్టరు పోస్టులో పంపాను. ముట్టినట్టు సంతకంతో కార్డు తిరిగి వచ్చింది. జవాబు రాలేదు.

నవంబరు 14: గుర్తు చేస్తూ రెండో ఉత్తరం. జవాబు రాలేదు.

డిసెంబరు 31: నా పదవీ విరమణ. శాలువా కప్పి, "మచ్చలేని రికార్డు" అని చెక్కించిన జ్ఞాపిక చేతికిచ్చారు. అప్పటికి నా పత్రం ఆ ఆఫీసు సొరుగులో ఐదు నెలలుగా ఉంది.

ఈ ఏడింటిలో మొదటిది నా చేతిరాత. మిగిలినవన్నీ దాని మీద నిలబడ్డాయి. ఇతరుల తప్పులకు తేదీ వేసే అలవాటున్నవాడు తన తప్పుకూ వేయాలి. వేశాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ చదువుతారని దీన్ని వివరంగా రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. పేర్లు తెలియవలసిన వారికి తెలుసు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు వాహనాలకు కరెంటు పని చేశాను. మొదట లారీలు, తర్వాత జీపులు, చివరి పదకొండేళ్లు కార్లు. ప్రతి పనికీ నా సొంత పుస్తకంలో మూడు గళ్లు ఉండేవి: వాళ్లేం చెప్పారు, నేనేం కనుక్కున్నాను, ఏం పరీక్షించాను. మూడో గడి నింపనిదే చేతులు కడుక్కునేవాణ్ణి కాదు. దీని మీద తోటివాళ్లు చేసిన హాస్యానికి లెక్కలేదు. "అన్న ఇంట్ల కూర మంచిగున్నదన్నా వదిన నమ్మదట, రాసియ్యమంటదట" అనేవాడు నా పక్క బెంచి ఎలక్ట్రీషియను. నేను కోప్పడేవాణ్ణి. లోలోపల గర్వపడేవాణ్ణి కూడా. ఆ గర్వం సంగతే ఇక్కడ చెప్పవలసింది.

ఆ సంవత్సరం మా సెంటరు ఇంటి దగ్గరికే వచ్చి పనిచేసే పద్ధతి మొదలుపెట్టింది. రైసుమిల్లు యజమాని అందుకే, వెనక సెన్సరు పోయిందని ఫోను చేశాడు. యాభై దాటిన మనిషి. చిన్నప్పుడెప్పుడో క్యాలెండరు మీద చూసిన ఎర్రటి రెండు తలుపుల కారును హైదరాబాదులో ఒకరి వద్ద పాతదే కొనుక్కొచ్చుకున్నాడు. ఆ కారు నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటుంది. నల్లగొండ దాకా ఉన్న స్పీడు బ్రేకర్లన్నిటి మీదా దాని కడుపు గీసుకుంటుంది. "ఒకసారి తెచ్చిన సార్, మల్ల తేను. మీరే రాండ్రి" అన్నాడు. సెన్సరు హైదరాబాదు నుంచి కారు రంగు వేయించి తెప్పించి, జూన్ తొమ్మిదిన నేను పోయాను.

ఆవరణలో నలుగురం ఉన్నాం. యజమాని, ఆయన తల్లి, డ్రైవరు, నేను.

డ్రైవరు అరవైకి దగ్గరగా ఉన్న ముస్లిం పెద్దమనిషి. ఇరవై ఆరేళ్లు ఆ మిల్లు లారీ నడిపి, మోకాళ్లు సహకరించక ఇంటి కార్ల మీదికి మారాడు. యజమాని అతన్ని చాచా అని పిలిచేవాడు. ఎర్ర కారు గురించి అడిగితే అతను గంభీరంగా అన్నాడు: "లారీల కూసుంటే లోకమంత కింద కనవడేది సాబ్. గీండ్ల కూసుంటే కుక్కలు సుత మనల్ని మీదికెల్లి చూస్తయి."

అవ్వ అరుగు మీది నుంచే అందుకుంది. "ఎక్కాలంటే పండుకోవాలె, దిగాలంటే పాకాలె. గంత బండి కొని నేల మీద కూసునుడేందిరా అంటే ఇనడు."

"అమ్మా, అది స్పోర్ట్స్ కారే."

"ఏం ఆట ఆడుతవు గండ్ల? వడ్ల బస్తా సుత పట్టదు."

నవ్వుకున్నాం. ఆ నవ్వులు ఇప్పుడు తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది. ఆ ముగ్గురూ ఒకరితో ఒకరు అంత చనువుగా ఉండటం నేను చూసింది ఆ ఒక్క రోజే.

చిన్నవాళ్ల కోసం రెండు మాటలు. పార్కింగ్ సెన్సరు అంటే వెనక బంపరులో రూపాయి బిళ్లంత గుండ్రని ముఖం. అలాంటివి నాలుగుంటాయి. రివర్సు గేరు వేయగానే అవి మన చెవికి అందని శబ్దాన్ని పంపి, దేనికో తగిలి తిరిగొచ్చిన దాన్ని విని, దూరం లెక్కగట్టి లోపల కూత వేయిస్తాయి. ఆ ముఖం సన్నగా అదరాలి. అదిరితేనే పంపగలదు, అదిరితేనే వినగలదు. రివర్సులో ఉంచి వేలు ఆనిస్తే టిక్ టిక్‌మని తెలుస్తుంది. ఆ రోజు ఎడమ నుంచి మూడోది చచ్చిపోయి ఉంది. దాని వైరు పక్కదానికి, పక్కదాని వైరు దీనికి మార్చి చూశాను. జబ్బు వైరుతో పాటు పోలేదు, సెన్సరుతో పాటే ఉంది. అంటే వైరింగు మంచిదే, సెన్సరే పోయింది.

బంపరు విప్పి పాతదాన్ని బయటికి తీస్తే ముఖమంతా గీతలు. చుట్టూ ఉండే రబ్బరు చీలి ఉంది. ఎవరో గట్టి వస్తువుతో గీకారు.

"నేనే గీకిన" అంది అవ్వ. "స్టీలు చెంచతోటి. పోయిన దసరాకు పెట్టిన బొట్టు ఎండి రాయి లెక్క అయింది. పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టొద్దు గద."

అప్పుడు గమనించాను. మిగిలిన మూడింటి అంచుల్లోనూ పసుపు మరకలున్నాయి. ఆమె తప్పు కాదు. ఎర్రటి బంపరు మీద సమానమైన ఎడంతో నాలుగు గుండ్రటి జాగాలు. యంత్రాన్ని పూజించే ఇంట్లో ఎవరికైనా అవి బొట్టు కోసమే చేసినట్టు కనిపిస్తాయి. ఆ కారు తయారుచేసిన దేశంలో ఎవరికీ ఈ సంగతి తట్టి ఉండదు. కారుతో వచ్చిన లావుపాటి పుస్తకంలో "సెన్సర్లను శుభ్రంగా ఉంచండి" అని ఇంగ్లీషులో ఉంది. ఆమె దృష్టిలో అంతకు మించిన శుభ్రం లేదు.

నేను చెప్పాను. ఇది నిజం, నా పుస్తకంలో ఉంది. "అమ్మా, గీ బిళ్లల మీద పసుపు పెట్టొద్దు. పెడితే గవి ఇనవు."

ఆమె నుదురు ఖాళీగా ఉంది. భర్త పోయి పద్దెనిమిదేళ్లని తర్వాత తెలిసింది. గొంతు పెంచకుండా అంది: "పెండ్లిండ్లల్ల నన్ను పక్కకు కూసోమంటరు బిడ్డా. మనుమరాలి పెండ్లికి సుత బొట్టు పెట్టనియ్యలే. మిల్లుల మిషన్లకు, బండ్లకు నేను పెడ్త. మిషన్లు ఏమనవు."

దీనికి ఏ పుస్తకంలోనూ గడి లేదు.

కొత్త సెన్సరు పెట్టి, వైరు టక్కుమని కూర్చునే దాకా నొక్కి, బంపరు బిగించాను. ఇక పరీక్ష మిగిలింది. నా పద్ధతి ఇది: కారు వెనక చాక్‌పీసుతో గీతలు గీయాలి. ఒక్కో సెన్సరు ఎదుట స్టూలు పెట్టి, గీత గీతకూ దగ్గరికి జరుపుతూ కూత మారడం వినాలి. నాలుగింటికీ కలిపి పదిహేను నిమిషాల పని. చాక్‌పీసు చేతిలోకి తీసుకున్నాను కూడా.

అవ్వ పళ్లెంతో వచ్చింది. ఇనుము పెట్టి విప్పిన యంత్రాన్ని మళ్లీ నడిపే ముందు పూజ చేయాలని ఆ ఇంటి ఆచారం. "ముందుగాల బొట్టు. తర్వాత నువ్వేం చేసుకుంటవో చేసుకో." వంగి, ఒక చేత్తో బంపరు పట్టుకొని, చిక్కటి పసుపు ముద్దను నాలుగు బిళ్లల మీదా అద్ది, దాని మీద కుంకుమ పెట్టింది. కొత్తదానికి కాస్త ఎక్కువే పెట్టింది. లేస్తుంటే డ్రైవరు చేయి అందించాడు.

యజమాని నా వైపు చూశాడు. నేను బంపరు వైపు చూశాను. తుడవాలి. తుడిచి, పరీక్షించి, కావాలంటే పక్కన పెట్టుకోమని చెప్పాలి. ఆ ఖాళీ నుదురు ముందర నిలబడి ఆమె పెట్టిన బొట్టును గుడ్డతో చెరపడం నావల్ల కాలేదు.

అదే సమయంలో మేనేజరు ఫోను. "సార్, మూడింటికల్ల షీటు ఫొటో పంపకపోతే కంప్యూటర్ల పెండింగ్ చూపిస్తది. నకిరేకల్‌ల ఇంకో కస్టమర్ ఎదురు చూస్తుండు." తాళం తిప్పి రివర్సు వేశాను. పొట్టిగా ఒక్క కూత వచ్చింది. లోపం చూపే గుర్తు వెలగలేదు. ఆ కూతకు అర్థం వ్యవస్థ మేలుకుందని మాత్రమే. వెనక ఏముందో అది చూసిందని కాదు. అది నాకు తెలుసు. తెలిసీ జాబ్ షీటులో ఇలా రాశాను: "నాలుగు సెన్సర్లు పరీక్షించడమైనది. సరిగా పనిచేయుచున్నవి." సంతకం చేశాను. కారును షెడ్డులోకి ముందుకు నడిపి నిలిపాను. బొట్టు ఆరకముందే బయలుదేరాను.

సాయంత్రం నా సొంత పుస్తకంలో మూడో గడి ఖాళీగా వదిలేశాను. సంస్థ కాగితంలో అబద్ధం రాసినవాడికి తన పుస్తకంలో రాయడానికి చేయి రాలేదు. ఆ ఖాళీ గడి ఇప్పటికీ అలాగే ఉంది.

తర్వాత పది రోజులు ముసురు. మట్టి దారి. కారు షెడ్డు దాటలేదు. జూన్ ఇరవై ఉదయం ఎండ వచ్చింది. అవ్వ షెడ్డు నీడలో, కారుకు వెనక కాస్త పక్కగా, పీట మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. యజమాని కారు బయటికి తీయమని ఇంట్లో నుంచి కేకేశాడు. డ్రైవరు ఎక్కాడు. వెనక అద్దంలో ఆకాశం తప్ప మరేమీ కనిపించదు. రివర్సు వేశాడు. పొట్టి కూత ఒకటి వచ్చి ఆగిపోయింది. ఖాళీగా ఉందనుకొని కదిలించాడు. అవ్వ ఎడమ కాలు పిక్క దగ్గర విరిగింది. ఆమెను పాత జీపులో పడుకోబెట్టి నల్లగొండ దవాఖానకు చేర్చింది కూడా అతనే.

ఇక్కడ ఒక మాట న్యాయంగా రాయాలి. సెన్సరు ఉన్నా దిగి చూడాలి. శుభ్రమైన సెన్సరు కూడా పీట మీద కూర్చున్న మనిషిని ప్రతిసారీ పట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. దిగి చూడకపోవడం డ్రైవరు తప్పు. ఆ మాట అతను దవాఖానలోనే, ఎవరూ అడగకముందే అన్నాడు. కానీ నివేదిక అతని మీద మోపింది ఆ తప్పు కాదు. కూత వినిపించినా లెక్కచేయలేదని రాసింది. రెండూ ఒకటి కావు.

నాకు ఈ సంగతి జూన్ 24న, టీ సమయంలో తెలిసింది. మేనేజరు అందరికీ సమోసాలు తెప్పించాడు. నా జాబ్ షీటు ఫొటోను ఫోనులో ఎత్తి చూపుతూ, "చూడుండ్రి, సార్ ఒక్క లైను రాసిండు, సెంటర్ ఇజ్జత్ నిలబడ్డది. బీమావాళ్లు అడిగిన్రు, పంపినం, అయిపోయింది. అందరు గిట్ల రాయాలె" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

పక్క బెంచి ఎలక్ట్రీషియను కొట్టలేదు. సమోసా తుంపుతూ నా చెవి దగ్గర మెల్లగా అడిగాడు: "అన్నా, నిజం చెప్పు. స్టూలు పెట్టి చూసినవా?"

"చూడకుంట నేను రాస్తనా?"

అది నా రెండో అబద్ధం. మొదటిదానికి మేనేజరు ఫోను ఉంది, అవ్వ నుదురు ఉంది. రెండోదానికి ఏ సాకూ లేదు. అతను నా ముఖం చూసి, "సరే అన్నా" అని మాత్రం అన్నాడు. మళ్లీ ఎన్నడూ నా పుస్తకం మీద హాస్యమాడలేదు.

జూన్ 26న సెలవు పెట్టి నా స్కూటరు మీద ఆ ఊరికి పోయాను. ఎవరూ పంపలేదు. సంచిలో చాక్‌పీసు, టేపు పెట్టుకొని, స్టూలు వెనక సీటుకు కట్టుకుపోయాను.

అవ్వ అరుగు మీద మంచంలో ఉంది, కాలికి సిమెంటు కట్టు. కారు అక్కడే, ఆ షెడ్డులోనే. అమ్మకు దెబ్బ తగిలిన బండిని ఎవరూ ముట్టలేదు. నాలుగు బొట్లూ ఎండి, పగుళ్లిచ్చి, చెక్కు చెదరకుండా ఉన్నాయి.

యజమాని నన్ను చూసి మర్యాదగానే లేచాడు. "మీదేం లేదు పెద్దసారూ. మీ కాయిదం చూసిన."

"ఆ కాయిదం కోసమే వచ్చిన. చాచాను పిలిపియ్యండ్రి."

"అతని పేరెత్తకుండ్రి సార్. మా అమ్మ కాలు..."

"పిలువురా" అంది అవ్వ మంచంలోంచి. "కాలు నాది."

డ్రైవరు వచ్చాడు. గేటు లోపలికి రాకుండా అక్కడే చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆరు రోజుల్లో మనిషి చిక్కిపోయాడు. నేను తాళం అడిగి తీసుకున్నాను. బండి స్టార్టు చేయకుండా రివర్సు వేసి, గీతలు గీసి, స్టూలు పెట్టాను. మొదటి గీత. రెండో గీత. మూడో గీత. స్టూలు బంపరుకు ఆనేదాకా జరిపాను. కారు ఏమీ అనలేదు.

యజమాని ముఖం మారింది. "మరి పరీక్షించిన అని రాసిన్రు గద సార్?"

"పరీక్షించలే. రాసిన."

ముప్పై ఒక్క ఏళ్ల పనిలో నేను పలికిన మాటలన్నిటిలో కష్టమైనవి ఈ రెండు.

నేను గుడ్డ తడిపి, అవ్వ వైపు తిరిగాను. "అమ్మా, గవి తుడవాలె. తుడిస్తెనే తెలుస్తది."

ఆమె నా చేతిలోని గుడ్డను చూసింది. "నువ్వొద్దు" అంది. తర్వాత గేటు వైపు తల తిప్పింది. "బిడ్డా, నువ్వు రా. నువ్వు తుడువు."

"అమ్మా, నా చేత్తోనా?" అన్నాడు డ్రైవరు.

"బండి నడిపెటోనివి నువ్వు. నీకు ఇనవడాలె గద. తుడువు."

అతను మోకాళ్ల మీద కూర్చొని, మోకాళ్లు నొప్పి పెడుతున్నా, ఒక్కో బొట్టునూ నానబెట్టి, గీత పడకుండా, వేలికొసలతో తీశాడు. తీసిన పసుపు ముద్దను నేల మీద పడనియ్యలేదు. గుడ్డలో మూటగట్టి అరుగు మీద ఆమె పక్కన పెట్టాడు. అప్పుడు నేను అతన్ని కారులో కూర్చోమన్నాను. మళ్లీ స్టూలు పెట్టాను. మొదటి గీత మీదే కూత మొదలైంది. దగ్గరికి జరిపిన కొద్దీ వేగం పెరిగి, చివరి గీత దగ్గర ఆగకుండా మోగింది. నాలుగింటికీ అంతే.

అతను కారులోంచి దిగలేదు. పోయి చూస్తే స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నాడు.

"ఇనవడ్డది సాబ్" అన్నాడు. "అంటే నా చెవులు మంచిగనే ఉన్నయి."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. నివేదిక చదివి వినిపించిన రోజు నుంచి తన చెవులే పోయాయనుకున్నాడట. "మీరు పరీక్షించిన అని రాసిన్రు. మీరు రాస్తే నిజమే ఉంటది అని అందరన్నరు. అంటే సప్పుడు వచ్చే ఉంటది, నాకే ఇనవడలేదనుకున్న. ఇంట్ల టీవీ పెద్దగ పెట్టమంటున్న. నమాజుకు పోతే అజాన్ నాకు సగమే ఇనవడ్డట్టు అనిపించింది. దవాఖానల చెవులు చూపించుకున్న. మంచిగున్నయన్నరు. ఆ డాక్టరును సుత నమ్మలే."

నా అక్షరాలు ఒక మనిషి ఉద్యోగాన్ని తీసేశాయని అనుకొని పోయాను. అతని చెవుల మీద అతనికున్న నమ్మకాన్ని తీసేశాయని అక్కడ తెలిసింది. ఇన్నేళ్లు నేను సంపాదించుకున్న మంచిపేరే ఆ అబద్ధానికి బలమిచ్చింది. ఎవరో తప్పుల తడకగా రాసేవాడు రాసి ఉంటే అతను నమ్మేవాడు కాడు. తమ్ముళ్లూ, రికార్డు రాసే అలవాటు మంచిదని మీకు అందరూ చెబుతారు. దానికి ఈ వైపు కూడా ఉందని నేను చెబుతున్నాను.

యజమాని చెడ్డవాడు కాడు. కారు తలుపు దగ్గరికి వచ్చి, "చాచా, రేపటి సంది పనికి రా. అయిందేందో అయింది" అన్నాడు.

డ్రైవరు దిగి, తాళం ఆయన చేతిలో పెట్టాడు. "మీ దయ సేఠ్. కానీ బీమా ఆఫీసుల కాయిదముంది. అండ్ల నేను సప్పుడు ఇని సుత అమ్మ మీదికి బండి తోలినోన్ని. మీరు పనిల పెట్టుకుంటే మాఫీ చేసిన్రంటరు. నేను మాఫీ చేసే తప్పు చెయ్యలే. దిగి చూడలే, గది నా తప్పు. గదే రాయమనుండ్రి. గప్పుడొస్త."

మరునాడు జూన్ 27. పరీక్ష ఫలితం, నా తప్పు, డ్రైవరు చెప్పిన మాట, మూడూ రాసి, కింద సంతకం చేసి మేనేజరు ముందు పెట్టాను. అతను చదివాడు. మంచి చదువు చదివిన కుర్రవాడు, నా మీద గౌరవం కూడా ఉంది.

"సార్, మీరు డిసెంబర్ల రిటైర్ అయితున్రు. ఎందుకు సార్ గీ ఫికర్? మీ షీటు మీరే తప్పంటే, రేపు మీరు రాసిన పాత షీట్లన్ని ఎవలు నమ్ముతరు?"

"నమ్మొద్దు. మల్ల పరీక్ష చేసుకొమ్మను."

అతను నవ్వి, లేచి వచ్చి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా జేబులో పెట్టాడు. పెట్టి, జేబు మీద మెల్లగా తట్టాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. ఆ తట్టుడుకు నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు.

తర్వాతి సంగతులు పైన తేదీలతో ఉన్నాయి. అవ్వ కాలు కుదిరింది. చేతికర్రతో నడుస్తోంది. డ్రైవరు ఇప్పుడు చౌరస్తాలో బావమరిది పంక్చరు షాపులో కూర్చుంటున్నాడు. రెండు చోట్ల డ్రైవరు పనికి అడిగారు. విచారించుకొని, వద్దన్నారు. నేను ఆ దారిన పోయినప్పుడల్లా ఆగుతాను. చాయ్ తెప్పిస్తాడు. ఒకే మాట అడుగుతాడు: "జవాబొచ్చిందా సాబ్?" నేను రాలేదంటాను. కోపగించుకోడు. కోపగించుకుంటే బాగుండుననిపిస్తుంది.

కావున, ఈ వ్యాసం ప్రతిని జత చేస్తూ, నల్లగొండలోని ఆ సర్వీసు సెంటరు ప్రస్తుత మేనేజరు గారికి వ్రాతపూర్వకంగా కోరునది ఏమనగా:

జూన్ 21 నాటి నివేదికలో "హెచ్చరిక శబ్దాన్ని పెడచెవిన పెట్టి" అన్న మాటలను రద్దు చేయాలి. ఆ స్థానంలో, సెన్సర్లను మీ ఉద్యోగి పరీక్షించలేదని, అవి మూసుకుపోయి ఉన్నందున శబ్దం రాలేదని, డ్రైవరు దిగి చూడకపోవడం మాత్రమే అతని పొరపాటని రాయాలి. ఆ ఉద్యోగి నేనేనని నా పేరు పూర్తిగా రాయాలి. ఆ కాగితం ఒక ప్రతి బీమా కార్యాలయానికి, ఒకటి మిల్లు యజమానికి పంపి, మూడోది తెలుగులో రాసి డ్రైవరు చేతికి మీరే స్వయంగా ఇవ్వాలి. నాకు ప్రతి అక్కరలేదు.

ఇందుకు మీకు సమ్మతి లేకపోతే, సమ్మతి లేదనే రాయండి, కారణం చూపండి. ఫోను చేయవద్దు, మనిషిని పంపవద్దు, శాలువా కప్పవద్దు. ఈ ఉత్తరం అందిన ముప్పై రోజుల్లోగా, తేదీ వేసి, సంతకంతో కూడిన జవాబు ఇవ్వాలి. సంతకం చేసే ముందు చౌరస్తాలోని ఆ పంక్చరు షాపుకు పోయి, అతని పక్కన కూర్చొని, ఆ రోజు అతనికి ఏం వినిపించిందో ఒకసారి అడిగి, విని, ఆ తర్వాతే సంతకం చేయాలి.